పని మీద భిలాయి వెళ్లేవారు చూడదగిన రాజసౌధాలు: ఉక్కు పట్టణం చుట్టూ తరగతి గదులైన కోటలు

రిసాలి (ఛత్తీస్‌గఢ్): భిలాయి ఉక్కు కర్మాగారంలో యంత్రాల తనిఖీ, కాంట్రాక్టు పనులు, శిక్షణ తరగతులు, లెక్కల పరిశీలన వంటి వ్యవహారాల మీద వివిధ రాష్ట్రాల నుంచి ఉద్యోగులు, ఇంజనీర్లు, గుత్తేదారులు వచ్చి పోతుంటారు. విశాఖపట్నం, హైదరాబాద్ నగరాల నుంచి వచ్చేవారూ వారిలో ఉంటారు. టౌన్‌షిప్ దక్షిణ భాగాన ఉన్న రిసాలి పరిసరాల్లోనో, పక్కనే ఉన్న దుర్గ్ పట్టణంలోనో నాలుగైదు రోజులు బస చేసి, పని ముగియగానే రైలెక్కుతారు. మధ్యలో ఒక సాయంత్రమో, ఒక ఆదివారమో ఖాళీ దొరికినప్పుడు, ఇక్కడ చూడడానికి ఏముందని అడిగితే సాధారణంగా వినిపించే సమాధానం మైత్రీబాగ్ జంతుప్రదర్శనశాల. భారత, సోవియట్ దేశాల స్నేహానికి గుర్తుగా ఉక్కు కర్మాగారం ఏర్పాటు చేసిన ఉద్యానవనమది.

అయితే ఈ పట్టణానికి సుమారు డెబ్బై కిలోమీటర్ల పరిధిలో రెండు పూర్వ సంస్థానాల రాజధానులు, ఒక కలచూరి కాలపు శివాలయం, ఒక సంస్థానాధీశుని దానంతో వెలసిన పురావస్తు ప్రదర్శనశాల ఉన్నాయి. జైపూర్, మైసూరు రాజప్రాసాదాల మాదిరిగా టిక్కెట్టు కొని, మార్గదర్శకుని వెంట తిరిగి చూసే స్థలాలు కావివి. ఒక రాజసౌధంలో నేడు డిగ్రీ కళాశాల నడుస్తోంది. మరొక దానిలో సంగీత విశ్వవిద్యాలయం ఉంది. సింహాసనాలు, ఆయుధాల కోసం వెతికే సందర్శకునికి నల్లబల్లలు, తంబురాలు కనిపిస్తాయి. ఈ మార్పు ఎప్పుడు, ఎలా జరిగిందో తెలిస్తే ఖాళీ దొరికిన ఒక పూట కూడా సార్థకమవుతుంది.

ఒకే జిల్లా, ఒకే దశకం

బ్రిటిష్ పాలన చివరి దశలో ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో 14 సంస్థానాలు ఉండేవి. బస్తర్, కాంకేర్, నంద్‌గావ్, ఖైరాగఢ్, ఛుయిఖదాన్, కవర్ధా, రాయ్‌గఢ్, సర్గుజా మొదలైనవి వాటిలో ముఖ్యమైనవి. 1947 డిసెంబరులో సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ నాగపూర్‌లో ఈ సంస్థానాధీశులతో సమావేశమై విలీన ఒప్పందాలు కుదుర్చుకున్నారు. 1948 జనవరి 1 నుంచి ఆ సంస్థానాలు నాటి మధ్యపరగణాలు, బేరార్ రాష్ట్రంలో కలిసిపోయాయి. నంద్‌గావ్, ఖైరాగఢ్, ఛుయిఖదాన్ సంస్థానాల భూభాగాలు దుర్గ్ జిల్లాలో చేరాయి. 1973లో రాజ్‌నంద్‌గావ్ ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకు ఇదంతా ఒకే జిల్లా.

స్వతంత్ర భారతం తన తొలి భారీ ఉక్కు కర్మాగారాల్లో ఒకదానికి స్థలం ఎంచుకున్నది ఆ జిల్లాలోనే. భిలాయిలో ఏటా పది లక్షల టన్నుల సామర్థ్యం గల కర్మాగారం నిర్మాణానికి 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది, 1956 అక్టోబరు 14న, ఖైరాగఢ్ రాజభవనంలో ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. 1957లో రాజ్‌నంద్‌గావ్ రాజభవనంలో దిగ్విజయ్ కళాశాల వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు.

అంటే నాలుగేళ్ల వ్యవధిలో, ఒకే జిల్లా సరిహద్దుల్లో, కొత్త రాజ్యవ్యవస్థ తన కొలిమిని రాజేసుకోగా పాత రాజ్యవ్యవస్థ తన ఇంటి తాళాలను విద్యార్థుల చేతికి అప్పగించింది. ఈ రెండు ఘట్టాలను సాధారణంగా వేర్వేరు అధ్యాయాలుగా చదువుతాం. రిసాలిలో బస చేసి రెండు దిక్కులా ప్రయాణించినవారికి అవి ఒకే కథలోని రెండు భాగాలని బోధపడుతుంది.

సంస్థానాధీశులు భవనాలను ఇచ్చివేయడానికి ఔదార్యంతోపాటు కాలపరిస్థితి కూడా దోహదం చేసింది. భూమిశిస్తు, అడవుల ఆదాయం ప్రభుత్వపరమయ్యాక వందలాది పరిచారకులతో నడిచిన పెద్ద భవనాలను నిలబెట్టుకోవడం దేశంలోని చాలా సంస్థానాధీశులకు భారమైంది. ప్రభుత్వం చెల్లించిన రాజభరణాలు కూడా 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రద్దయ్యాయి. దేశమంతటా కొన్ని రాజసౌధాలు హోటళ్లయ్యాయి, కొన్ని కచేరీలయ్యాయి, మరికొన్ని శిథిలమయ్యాయి. దుర్గ్ జిల్లాలోని రెండు ప్రధాన సౌధాలు విద్యాలయాలు కావడం ఈ ప్రాంతపు విశేషం.

తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. విజయనగరంలో గజపతుల ఆదరణతో 1919లో సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షులు. 1958లో పి.వి.జి.రాజు మాన్సాస్ సంస్థను స్థాపించి, కోటను విద్యాసంస్థలకు నిలయం చేశారు. ఖైరాగఢ్, రాజ్‌నంద్‌గావ్‌లలో జరిగినదీ దాదాపు అదే కాలంలో, అదే రీతిలో జరిగింది. దుర్గ్ నుంచి విశాఖపట్నానికి 2024 సెప్టెంబరులో మొదలైన వందే భారత్ రైలు విజయనగరం మీదుగానే వెళుతుంది.

ఒక సాయంత్రం మాత్రమే ఉంటే: దేవ్‌బలోదా

పని సాయంత్రం నాలుగు గంటలకు ముగిసి, మరునాటి ఉదయం మళ్లీ గేటు వద్ద హాజరు కావలసినవారికి దేవ్‌బలోదా అనుకూలం. భిలాయికి తూర్పున, రాయ్‌పూర్ వెళ్లే దారిలో, చరోదా పట్టణాన్ని ఆనుకొని ఉన్న గ్రామమిది. ఊరి పేరుతోనే రైల్వే స్టేషన్ కూడా ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ సంరక్షణలో ఉన్న ఇక్కడి మహాదేవ ఆలయం కలచూరుల కాలానికి చెందినది. దీనిని సుమారు 13వ శతాబ్ది నిర్మాణంగా గుర్తించారు.

రత్నపూర్ రాజధానిగా పాలించిన కలచూరి వంశం, దాని రాయ్‌పూర్ శాఖ కలిసి ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని శతాబ్దాలపాటు ఏలాయి. 1741లో నాగపూర్ భోంస్లేల సేనాని భాస్కర్ పంత్ దండెత్తి రావడంతో వారి ప్రాభవం ముగిసింది. దేవ్‌బలోదా ఆలయం ఆ వంశపు పెద్ద కట్టడాల కోవలోకి రాదు. ఇసుకరాతితో కట్టిన చిన్న గుడి. బయటి గోడల మీద ఏనుగుల వరుసలు, వేట దృశ్యాలు, నర్తకీమణులు, దేవతామూర్తులు కిక్కిరిసి ఉంటాయి. ఆలయానికి శిఖరం మాత్రం లేదు. పక్కన మెట్లతో కూడిన కోనేరు ఉంది.

శిఖరం లేకపోవడానికి స్థానికులు ఒక కథ చెబుతారు. శిల్పి ఆరు నెలలపాటు రాత్రివేళల్లో దిగంబరుడై, ఏకాగ్రతతో ఈ గుడిని చెక్కాడట. ప్రతిరోజూ భార్య అన్నం తెచ్చేది. ఒకనాడు ఆమెకు బదులుగా చెల్లెలు వచ్చింది. సిగ్గుతో శిల్పి కోనేటిలో దూకాడు, గుడి అసంపూర్తిగా మిగిలిపోయింది. ఇది చరిత్ర కాదు, జనశ్రుతి. అయినా కట్టించిన రాజు పేరు ఊరివారి నోట వినిపించదు, కట్టిన పనివాని కథ మాత్రం వినిపిస్తుంది. పగలంతా కర్మాగారంలో గడిపి వచ్చినవారికి ఆ కథ మరింత దగ్గరగా తోస్తుంది. మహాశివరాత్రికి ఇక్కడ పెద్ద తిరునాళ్లు జరుగుతాయి. మిగిలిన రోజుల్లో ఆవరణ ప్రశాంతంగా ఉంటుంది. సంరక్షిత కట్టడాలను సాధారణంగా సూర్యాస్తమయంతో మూసివేస్తారు కనుక వెలుతురు ఉండగానే చేరుకోవడం అవసరం.

సగం రోజు ఉంటే: రాజ్‌నంద్‌గావ్

దుర్గ్ నుంచి పశ్చిమంగా నాగపూర్ దారిలో సుమారు 30 కిలోమీటర్లు వెళితే రాజ్‌నంద్‌గావ్ వస్తుంది. హౌరా, ముంబయి ప్రధాన రైలు మార్గంలోనే ఉండడంతో అరగంట ప్రయాణం సరిపోతుంది. ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.

ఇక్కడి రాజవంశం పుట్టుక మిగిలిన సంస్థానాల కంటే భిన్నం. నంద్‌గావ్ పాలకులు యుద్ధాలు గెలిచిన క్షత్రియులు కారు. వైష్ణవ బైరాగులు, అంటే మఠాధిపతులైన సన్యాసులు. 18వ శతాబ్దిలో పంజాబ్ నుంచి శాలువల వ్యాపారం మీద వచ్చిన ప్రహ్లాద్ దాస్ అనే బైరాగి ఈ పరంపరకు మూలపురుషుడు. మహంతులు వ్యాపారం చేశారు, జమీందారులకు అప్పులిచ్చారు. అప్పు తీర్చలేని వారి పరగణాలు క్రమంగా మఠం ఆధీనంలోకి వచ్చాయి. బ్రహ్మచర్య దీక్ష కారణంగా వారసత్వం కుమారునికి బదులుగా శిష్యునికి సంక్రమించేది. 1865లో బ్రిటిష్ ప్రభుత్వం మహంత్ ఘాసీదాస్‌ను సామంత పాలకునిగా గుర్తించింది. ఆయన వివాహం చేసుకోవడంతో గురుశిష్య పరంపర వంశపరంపరగా మారింది. 1883లో ఆయన కుమారుడు బలరామ్ దాస్ అధికారానికి వచ్చాడు.

బలరామ్ దాస్ కాలంలోనే పట్టణంలో నూలు మిల్లు వెలసింది. 1890వ దశకంలో మొదలైన ఆ మిల్లు తరువాత కలకత్తా కంపెనీ చేతికి వెళ్లి బెంగాల్ నాగపూర్ కాటన్ మిల్స్‌గా ప్రసిద్ధి పొందింది. 1920లో ఠాకూర్ ప్యారేలాల్ సింగ్ నాయకత్వంలో అక్కడ కార్మికులు సమ్మె చేశారు. ఛత్తీస్‌గఢ్ కార్మికోద్యమ చరిత్ర ఆ సమ్మెతో ఆరంభమవుతుందని చెప్పవచ్చు. భిలాయిలో తొలి కొలిమి మండడానికి దాదాపు నాలుగు దశాబ్దాల ముందే ఈ జిల్లాలో మిల్లు కూత, షిఫ్టు వేళలు, కార్మిక సంఘం పరిచయమయ్యాయన్నమాట. ఆ మిల్లు నేడు మూతపడి ఉంది.

రాజభవనం పట్టణం నడుమనే, రాణీసాగర్, బూఢాసాగర్ అనే రెండు చెరువుల చెంత నిలిచి ఉంది. చివరి పాలకుడు మహంత్ దిగ్విజయ్ దాస్ ఈ భవనాన్ని కళాశాల కోసం ఇచ్చారు. ఆయన 1958లో చిన్న వయసులోనే మరణించినా, ఆయన పేరు కళాశాలకు స్థిరపడింది. ప్రవేశద్వారం కోటగుమ్మంలాగే ఉంటుంది. దాని కింది నుంచి పుస్తకాలు పట్టుకొని విద్యార్థులు నడిచి వెళుతుంటారు.

ఈ భవనానికి రాజుల కంటే ఎక్కువ కీర్తి తెచ్చినవాడు ఇక్కడి ఒక అధ్యాపకుడు. ఆధునిక హిందీ కవిత్వంలో అగ్రగణ్యుడైన గజానన్ మాధవ్ ముక్తిబోధ్ 1958లో ఈ కళాశాలలో చేరాడు. అంతకుముందు పత్రికల్లో, పాఠశాలల్లో, ఆకాశవాణిలో చాలీచాలని జీతాలతో ఊరూరా తిరిగిన కవికి ఇక్కడే కొంత నిలకడ దొరికింది. కళాశాల ఆవరణలోని పాత రాజభవన భాగంలో కుటుంబంతో నివసించాడు. మెలికలు తిరుగుతూ పైకి వెళ్లే మెట్లు, చీకటి గదులు, కిటికీ అవతల చెరువు ఉన్న ఇల్లది. ఆయన 'బ్రహ్మరాక్షస్' వంటి కవితల్లో కనిపించే చీకటి మెట్లకు, లోతైన నీటికి ఈ పరిసరాలతో సంబంధం ఉందని హిందీ విమర్శకులు భావిస్తారు. 1964 సెప్టెంబరులో, 46 ఏళ్ల వయసులో, తొలి కవితా సంపుటి అచ్చులో చూసుకోకుండానే ఆయన కన్నుమూశాడు. ఆ సంపుటి 'చాంద్ కా ముహ్ టేఢా హై' అదే ఏడాది వెలువడింది.

ముక్తిబోధ్‌తోపాటు ఈ కళాశాలతో సంబంధమున్న పదుమ్‌లాల్ పున్నాలాల్ బక్షీ, బల్‌దేవ్ ప్రసాద్ మిశ్ర స్మారకంగా ఇక్కడ 'త్రివేణి' పేరిట సంగ్రహాలయం ఏర్పాటైంది. 'సరస్వతి' పత్రికకు సంపాదకత్వం వహించిన బక్షీ స్వస్థలం ఖైరాగఢ్. సమయం తక్కువగా ఉన్నవారు చెరువు గట్టు మీదుగా నడిచి, కళాశాల ముఖద్వారం, త్రివేణి చూసి తిరిగి రావచ్చు.

ఒక రోజంతా ఉంటే: ఖైరాగఢ్

రాజ్‌నంద్‌గావ్ నుంచి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఖైరాగఢ్ ఉంది. రైలు మార్గం లేదు, బస్సు లేదా కారులో వెళ్లాలి. 2022లో ఖైరాగఢ్, ఛుయిఖదాన్, గండై ప్రాంతాలతో కొత్త జిల్లా ఏర్పడగా దానికి ఇదే కేంద్రమైంది.

ఇక్కడి పాలకులు ఛోటా నాగపూర్ రాజవంశంతో సంబంధం చెప్పుకునే నాగవంశీయులు. రాజా వీరేంద్ర బహదూర్ సింగ్, రాణీ పద్మావతీ దేవి దంపతులకు ఇందిర అనే కుమార్తె ఉండేది. సంగీతం మీద ఆమెకు మక్కువ. ఆమె చిన్ననాటనే మరణించగా, ఆ జ్ఞాపకంగా దంపతులు తమ రాజభవనాన్ని సంగీత విద్య కోసం అప్పగించారు. చిన్న సంగీత విద్యాలయంగా మొదలైన ఆ ప్రయత్నం 1956లో విశ్వవిద్యాలయంగా రూపొందింది. ప్రారంభోత్సవం చేసినవారు ఇందిరా గాంధీ కావడంతో, విశ్వవిద్యాలయం పేరు ఆమెదేనని చాలామంది పొరబడుతుంటారు. పేరు రాకుమారిది.

భాత్‌ఖండే శిష్యుడు, లక్నో సంగీత కళాశాలను చాలాకాలం నడిపిన పండిత్ శ్రీకృష్ణ నారాయణ్ రతన్‌జన్‌కర్ తొలి ఏళ్లలో ఇక్కడ ఉపకులపతిగా పనిచేశారు. గురువు ఇంట పరిచర్య చేస్తూ నేర్చుకునే విద్యగా శతాబ్దాలు సాగిన సంగీతానికి పాఠ్యప్రణాళిక, పరీక్షలు, పట్టాలు ఏర్పరచవచ్చా అన్న ప్రశ్న ఆనాడు సంగీత లోకంలో తీవ్రంగా నలిగింది. రాజాస్థానాలు అంతరించాక విద్వాంసులకు ఆశ్రయమెవరన్నది దాని వెనకే ఉన్న మరో ప్రశ్న. ఆస్థానం స్థానంలో ఆకాశవాణి, విశ్వవిద్యాలయం వచ్చాయి. ఖైరాగఢ్‌లో ఆ మార్పు ఒకే కప్పు కింద జరిగింది. రాజకుటుంబం కోసం కట్టిన సౌధంలో ఫీజు కట్టిన ఏ ఇంటి బిడ్డయినా కూర్చొని స్వరం అందుకోవడం మొదలైంది.

నేడు ఇక్కడ హిందూస్థానీ గాత్ర, వాద్య సంగీతంతోపాటు కథక్, భరతనాట్యం, చిత్రకళ, శిల్పకళ, రంగస్థలం, జానపద కళలు బోధిస్తున్నారు. ఉదయం పూట ఆవరణలో నడిస్తే ఒక గదిలో సితార్, మరొక గదిలో తబలా, ఇంకొక చోట గజ్జెల సవ్వడి కలగలిసి వినిపిస్తాయి. రాజభవనపు స్తంభాలు, వరండాలు, పైకప్పు అలంకరణలు చూడదగినవే. అయితే ఖైరాగఢ్ వెళ్లినవారికి గుర్తుండిపోయేది శబ్దం. అందుచేత సెలవు దినం కంటే తరగతులు జరిగే రోజు వెళ్లడం మేలు. పని మీద వచ్చినవారికి శనివారం ఖాళీ దొరికితే, ఆ రోజు తరగతులు ఉన్నదీ లేనిదీ ముందుగా ఫోనులో తెలుసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో: రాయ్‌పూర్ ప్రదర్శనశాల

విమానం ఎక్కవలసినవారు ఎలాగూ రాయ్‌పూర్ వెళ్లాలి. విమానం సాయంత్రం ఉంటే, పగలు రెండు గంటలు మహంత్ ఘాసీదాస్ స్మారక ప్రదర్శనశాలకు కేటాయించవచ్చు. పైన చెప్పిన రాజ్‌నంద్‌గావ్ మహంతు పేరే ఇది. 1875లో ఆయన దానంతో రాయ్‌పూర్‌లో ఎనిమిది పలకల చిన్న భవనంలో ఈ ప్రదర్శనశాల మొదలైంది. దేశంలోని పాత ప్రదర్శనశాలల్లో ఇదొకటి. తరువాతి కాలంలో అదే కుటుంబానికి చెందిన రాణీ జ్యోతీదేవి, ఆమె కుమారుడు దిగ్విజయ్ దాస్ కొత్త భవనానికి విరాళమిచ్చారు. 1953లో దానిని ప్రారంభించినవారు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్. ఆరేళ్ల తరువాత భిలాయి కొలిమిని ప్రారంభించినదీ ఆయనే.

సిర్పూర్‌లో 1939లో బయటపడిన బౌద్ధ కంచు విగ్రహాల్లో కొన్ని ఇక్కడ ఉన్నాయి. మహానది తీరాన ఉన్న సిర్పూర్ ఒకప్పటి దక్షిణ కోసల రాజధాని శ్రీపురం. భర్త హర్షగుప్తుని స్మృత్యర్థం రాణీ వాసట 7వ శతాబ్దిలో అక్కడ కట్టించిన ఇటుకల విష్ణ్వాలయం నేడు లక్ష్మణ మందిరంగా ప్రసిద్ధం. రాయ్‌పూర్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. మరొక రోజు మిగిలినవారు అక్కడికీ వెళ్లి రావచ్చు.

మళ్లీ రావలసిన చోట్లు: కవర్ధా, బస్తర్

రెండు రోజుల సెలవు కలిసివస్తే భిలాయికి ఉత్తరాన, మైకల్ కొండల పాదాన ఉన్న కవర్ధా చూడవచ్చు. 1936-39 మధ్య రాజా ధర్మరాజ్ సింగ్ కట్టించిన అక్కడి రాజభవనం నేటికీ రాజకుటుంబం చేతిలోనే ఉంది. సమీపంలోని భోరమ్‌దేవ్ ఆలయం ఫణి నాగవంశీయుల కాలంలో, 11వ శతాబ్దిలో నిర్మితమైంది. ఈ ప్రాంతంలో రాజభవనం రాజభవనంగానే మిగిలితే ఎలా ఉంటుందో చూడదలచినవారికి కవర్ధా ఒక ఉదాహరణ.

తెలుగువారికి మరింత ఆసక్తి కలిగించేది బస్తర్. 1323లో ఓరుగల్లు పతనమై కాకతీయ సామ్రాజ్యం అంతరించాక, ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి, ఇంద్రావతి నదులు దాటి బస్తర్‌లో కొత్త రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ చరిత్ర చెబుతుంది. దిక్పాలదేవుని దంతేవాడ శాసనం (1703) ఆ వంశమూలాన్ని ఓరుగల్లుతో ముడిపెడుతుంది. జగ్‌దల్‌పూర్ రాజభవనం, దంతేశ్వరీ ఆలయం, 75 రోజులపాటు జరిగే బస్తర్ దసరా ఆ పరంపరకు నేటి ఆనవాళ్లు.

అయితే బస్తర్‌లో పాత, కొత్త రాజ్యవ్యవస్థల మధ్య అధికార మార్పిడి ప్రశాంతంగా సాగలేదు. ఆదివాసుల్లో అపార ఆదరణ గల ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న జగ్‌దల్‌పూర్ రాజభవనంలోనే పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆయనతోపాటు ఆదివాసులూ ప్రాణాలు కోల్పోయారు. ఖైరాగఢ్, రాజ్‌నంద్‌గావ్‌లలో తాళాలు చేతులు మారిన తీరు ఎంత అరుదైనదో ఈ ఘటన పక్కన పెట్టి చూసినప్పుడు అర్థమవుతుంది. రాయ్‌పూర్ నుంచి జగ్‌దల్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు. అధికారిక పర్యటన మధ్యలో హడావిడిగా చూసే స్థలం కాదు, దానికోసమే రావాలి.

రిసాలి ఇచ్చినది

రాజులు భవనాలిచ్చారు కనుక వారి పేర్లు కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు నిలిచాయి. ఉక్కు కర్మాగారం కోసం పొలాలు ఇచ్చిన గ్రామాలకు అటువంటి ఫలకాలు లేవు. కర్మాగారానికి, టౌన్‌షిప్‌కు అనేక గ్రామాల భూములు సేకరించారు. సెక్టార్లకు అంకెలు పెట్టిన ప్రణాళికాబద్ధమైన పట్టణంలో రిసాలి, మరోదా, రువాబాంధా వంటి పాత ఊళ్ల పేర్లు మాత్రం అంకెల మధ్య మిగిలిపోయాయి. భిలాయి నుంచి వేరుపడి రిసాలి ప్రత్యేక నగరపాలక సంస్థ కాగా, 2021 డిసెంబరులో దానికి తొలి ఎన్నికలు జరిగాయి. ఒకనాటి గ్రామం పేరు ఆ విధంగా మళ్లీ ప్రభుత్వ పత్రాలకెక్కింది.

అందువల్ల బస చేసిన చోటును కూడా ఈ సందర్శనలో చేర్చుకోవడం ఉచితం. ఉదయం షిఫ్టు మొదలయ్యే ముందు సైకిళ్లు, మోటారు వాహనాలు గేటు వైపు సాగే వేళ, చెట్ల నీడన తీర్చిన క్వార్టర్ల వరుసల పక్కనే ఇరుకు సందులతో పాత బస్తీ కనిపిస్తుంది. రాజ్‌నంద్‌గావ్ కోటగుమ్మంలాగే ఆ సరిహద్దు కూడా చరిత్రలో ఒక మలుపును సూచిస్తుంది. చూపడానికి అక్కడ ఫలకం లేదు, అంతే తేడా.

సందర్శకులు గమనించవలసినవి

కళాశాల, విశ్వవిద్యాలయం రెండూ పనిచేస్తున్న విద్యాసంస్థలు. ముందుగా కార్యాలయంలో అనుమతి అడిగి లోపలికి వెళ్లాలి. అధికారిక గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవడం మంచిది. పరీక్షల రోజుల్లో ప్రవేశం దొరకకపోవచ్చు. తరగతి గదుల్లో, సాధన చేస్తున్న విద్యార్థుల వద్ద అనుమతి లేకుండా ఫొటోలు తీయరాదు. ప్రభుత్వ ప్రదర్శనశాలలకు వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది కనుక రాయ్‌పూర్ వెళ్లేముందు వేళలు కనుక్కోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఈ మైదానంలో ఎండలు తీవ్రంగా ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రయాణం సుఖంగా సాగుతుంది.

పని ఒత్తిడిలో అన్నీ చూడాలని పరుగెత్తడం కంటే, దొరికిన సమయానికి తగిన ఒక్క చోటును ఎంచుకోవడం ఉత్తమం. సాయంత్రం దొరికితే దేవ్‌బలోదా, ఒక పూట దొరికితే రాజ్‌నంద్‌గావ్, ఒక రోజు దొరికితే ఖైరాగఢ్. ఈ కట్టడాలకు పెద్దగా ప్రచారం లేదు. సందర్శకుల రుసుముతో నడిచే సంస్థలూ కావివి. వాటి గోడలు, పైకప్పులు, మెట్లు ఏ స్థితిలో ఉన్నాయో పట్టించుకునేవారు పెరిగితేనే వాటి సంరక్షణ గురించి అడిగేవారూ పెరుగుతారు. పని మీద వచ్చిన ఇంజనీరు ఒక పూట కేటాయించి ఆ కోటగుమ్మం దాటితే, భిలాయి గురించి ఇంటికి తిరిగి వెళ్లి చెప్పే కబురులో ఉక్కుతోపాటు ఒక కవి ఇల్లు, ఒక రాకుమారి పేరు కూడా చేరతాయి.